పది లక్షల అద్దాలు

తోలుబొమ్మలాట చూసినవారికి ఆ యేర్పాటు జ్ఞాపకం వుండే వుంటుంది. వెనకాల దీపం, ముందు తెల్లటి తెర, ఆ రెంటికీ మధ్య బొమ్మ. యివతల జనం. జనమంతా తెరనే చూస్తారు. దీపం మాట యెవరికీ పట్టదు. బొమ్మనాడించే మనిషి మాత్రం ఒక చెవి జనం మీద వేసి వుంచుతాడు. కేతిగాడు రాగానే నవ్వు యెంతసేపు సాగింది, రావణుడు తల విదిలిస్తే ముందు వరసలో పిల్లలు యెందరు జడుసుకున్నారు - యిదంతా అతను లెక్క కడుతూనే వుంటాడు. లేకపోతే మర్నాడు పక్క వూళ్ళో ఆట రక్తి కట్టదు.

యిప్పుడు ఒక వింత మనిషిని వూహించుకోండి. అతనికి కథ అక్కర్లేదు, పాట అక్కర్లేదు, చందా అసలే అక్కర్లేదు. తెరమీద ఒక గీత వేస్తాడు. గీతను కుడికి జరుపుతాడు. జరిపి, చూసేవాడి కన్ను యెటు తిరిగిందో రాసుకుంటాడు. మళ్ళీ ఎడమకు జరుపుతాడు. మళ్ళీ రాసుకుంటాడు. పొద్దస్తమానం అదే పని. ఆ చూసేవాడు మనిషి కూడా కాకపోవచ్చు. ఒక యీగో, ఒక చేపపిల్లో, ఒక చిట్టెలుకో కావచ్చు. యిటువంటి పిచ్చి ఆట ఆడేవాళ్ళు నేడు ప్రపంచమంతటా వున్నారు. వాళ్ళను చూపు మీద పరిశోధన చేసే శాస్త్రజ్ఞులంటారు. వాళ్ళ చేతిలో వున్న దీపం గురించి యీ వారం చెప్పుకుందాం. యెందుకు చెప్పుకోవాలో, దానివల్ల మన విజయనగరం వాడికీ శ్రీకాకుళం వాడికీ ఒరిగేదేమిటో కాస్త ఓపిక పడితే మీకే తెలుస్తుంది.

ముందు దీపం సంగతి.

చిన్నప్పుడు పగిలిన అద్దం ముక్క పట్టుకుని, యెండను యెదురింటి గోడమీద ఆడించని వారు యెవరైనా వున్నారా? మణికట్టు కాస్త తిప్పితే ఆ వెలుగుముక్క గోడమీదనుంచి కొబ్బరిచెట్టు మీదికీ, అక్కడినుంచి పక్కింటి మామ్మగారి మొహం మీదికీ దూకుతుంది. తరవాత జరిగేది అందరికీ తెలిసిందే. ఆ అద్దం ముక్కను తలవెంట్రుక మందంలో పదోవంతుకు తగ్గించండి. అటువంటివి పదిలక్షలకు పైగా తెచ్చి, మన చూపుడువేలి గోరంత పలకమీద పేనుబెజ్జం కూడా లేకుండా పేర్చండి. ప్రతి అద్దానికీ కింద ఒక సన్నటి కీలు పెట్టండి. ఆ కీలు మీద అద్దం యిటు పన్నెండు డిగ్రీలు, అటు పన్నెండు డిగ్రీలు వాలుతుంది. యిటు వాలితే దానిమీద పడ్డ వెలుగు కటకంలోంచి తెరమీదికి పోతుంది. అటు వాలితే పక్కనున్న నల్లటి గదిలోకి పోయి ఆరిపోతుంది. అంతే. తెరమీద ఒక చుక్క వుండటమా, వుండకపోవటమా అన్నది ఒక అద్దం వాలును బట్టి వుంటుంది.

దీన్ని 1987లో అమెరికాలో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అనే కంపెనీలో లారీ హార్న్‌బెక్ అనే ఆయన కనిపెట్టాడు. మొదట్లో విమానం టిక్కెట్లు అచ్చువేసే యంత్రాలలో వాడారు. తరవాత ఆఫీసుల్లో గోడమీద బొమ్మలు చూపించే ప్రొజెక్టర్లలోకి వచ్చింది. 1999లో సినిమాహాలు యెక్కింది. రీళ్ళ డబ్బాలు మోసుకుని రైల్వేస్టేషన్లకు పరుగెత్తే కాలం పోవటానికి యీ అద్దాల పలక ఒక ముఖ్య కారణం. 2015లో హార్న్‌బెక్‌కు ఆస్కారు బహుమతి కూడా యిచ్చారు. మేకప్పు వేసుకోకుండా ఆస్కారు కొట్టిన కొద్దిమందిలో ఆయన ఒకడు.

అద్దం వాలటం, వాలకపోవటం - రెండే మాటలు గదా, మరి బూడిదరంగు యెలా వస్తుందని మీరు అడగవచ్చు. అదంతా కాలంతో చేసే గారడీ. ఒక అద్దం సెకనులో సగంసేపు యిటూ సగంసేపు అటూ, వేలసార్లు తటతటలాడుతూ వుంటే, మన కన్ను ఆ తటతటను పట్టుకోలేక సగం వెలుగు అనుకుంటుంది. పావుసేపు యిటు వుంటే పావు వెలుగు. రంగులు కావాలంటే యెర్రదీపం, పచ్చదీపం, నీలందీపం ఒకదాని తరవాత ఒకటి వెలిగించి, అద్దాలను అందుకు తగ్గట్టు ఆడిస్తారు.

యెప్పుడు, యెక్కడ, యెంతసేపు వెలుగు పడాలన్నది ముందే లెక్కగట్టి యంత్రానికి అప్పగించటమే యిందులోని విశేషం. యీ ఆలోచన మనకు కొత్త కాదు సుమండీ. అరసవల్లి వెళ్ళి చూడండి. యేటా మార్చినెలలో కొన్నాళ్ళు, అక్టోబరులో కొన్నాళ్ళు, తెల్లవారుతూనే సూర్యకిరణాలు వాకిలి దాటి, లోపలికి వచ్చి, స్వామి పాదాల మీద పడతాయి. ఆ నాలుగురోజులూ జనం తోసుకుంటారు. ఆ గుడి కట్టిన శిల్పి దీపం వెలిగించలేదు, అద్దం తిప్పలేదు. సూర్యుడు యే రోజున యే మూలనుంచి వస్తాడో లెక్కగట్టి గోడలు నిలబెట్టాడు. యేడాదికి రెండుసార్లు నడిచే ప్రోగ్రాం అది. హార్న్‌బెక్ గారి పలక సెకనుకు నాలుగువేల బొమ్మలు వేస్తుంది. తేడా వేగంలోనే.

సెకనుకు నాలుగువేల బొమ్మలు యెవరికి కావాలి? మన సినిమాకు 24 చాలు గదా? ఆ 24ను కూడా పాత మిషను ఒక్కొక్కదాన్నీ రెండుమూడుసార్లు తెరిచి మూసి చూపించేది. అంచేత మనకు వెలుగు అల్లల్లాడినట్టు కనబడేది కాదు. సెకనుకు యేభై అరవై దాటితే మనిషి కన్ను విడివిడి మెరుపులను పట్టుకోలేదు, అన్నీ కలిపి ఒకే వెలుగుగా తీసుకుంటుంది.

యీగ సంగతి అలా కాదు. సెకనుకు రెండువందలకు పైగా మెరుపులను విడివిడిగా పట్టుకోగలదు. తేనెటీగా అంతే. మీరు యెప్పుడైనా మడిచిన పేపరు పట్టుకుని యీగ మీద కొట్టి చూశారా? మీ చెయ్యి లేచేసరికే అది వెళ్ళి చూరుకింద కూచుంటుంది. దానికి మీ చెయ్యి తీరిగ్గా, పెళ్ళినడకలు నడుస్తూ వస్తున్నట్టు కనబడుతుంది మరి. అటువంటి ప్రాణిని సినిమాహాల్లో కూచోబెడితే దానికి ఆట కనబడదు. ఒక ఫొటో, చీకటి, ఒక ఫొటో, చీకటి - అలా కనబడుతుంది. అంచేత యీగ చూపును పరీక్షించదలచినవాడికి మామూలు ప్రొజెక్టరు పనికిరాదు. యీగ కన్నును కూడా మోసం చెయ్యగల వేగం కావాలి. అదీ ఆ నాలుగువేల సంగతి.

రంగుల్లోనూ యిదే చిక్కు. మన ప్రొజెక్టరు మనిషి కంటికోసం చేసినది. తేనెటీగకు మనకు కనబడని అతినీలం కనబడుతుంది, మనకు కనబడే యెరుపు కనబడదు. మన రంగుల బొమ్మ దాని ముందు పెడితే, సగం వంటకాలు వడ్డించని విస్తరి లాంటిది. అందుకని శాస్త్రజ్ఞులు ఆ పెట్టె విప్పి, కంపెనీవారు పెట్టిన దీపాలు తీసేసి, ఆ జంతువు కంటికి తగిన దీపాలు అమరుస్తారు. అక్కడితో అయిందా? పెట్టెలో ఫాను తిరుగుతుంది. ఆ అదురుకే చేప బెదిరిందేమో! దీపం వేడికే యీగ కదిలిందేమో! బొమ్మ వెయ్యమన్న క్షణానికీ, అసలు పడ్డ క్షణానికీ మధ్య యెడం యెంతో! యివన్నీ విడివిడిగా కొలుచుకుంటే గాని, చూసింది నిజమని రాయటానికి వీల్లేదు. పరిశోధన అంటే పెద్ద ఆలోచనలు చెయ్యటమని మనం అనుకుంటాం. సగానికి సగం యిటువంటి అనుమానాలు తీర్చుకోవటమే.

యింత యంత్రం లేని రోజుల్లో యేం చేసేవారు? అదీ చెబుతాను, వినదగిన కథ.

1958లో అమెరికాలో డేవిడ్ హ్యూబెల్, టార్‌స్టెన్ వీసెల్ అనే యిద్దరు కుర్రవాళ్ళు పిల్లి మెదడులో ఒక్కొక్క కణం యేం చేస్తుందో వినటానికి ప్రయత్నిస్తున్నారు. సన్నటి తీగ ఒకటి కణం దగ్గర పెట్టి, అది పలికినప్పుడల్లా లౌడు స్పీకరులో టపటపమని వినబడే యేర్పాటు చేశారు. పిల్లి కంటిలోకి వెలుగు చుక్క వేశారు. కణం పలకలేదు. గాజుపలక మీద నల్లచుక్క అంటించి దాని నీడ వేశారు. పలకలేదు. గంటలు గడిచాయి. ఆ గాజుపలకను మిషనులోకి తోస్తూ వుండగా, ఒక్కసారిగా లౌడు స్పీకరు మరఫిరంగిలా మోగింది. చుక్క వల్ల కాదు. పలకను తోస్తున్నప్పుడు దాని అంచు నీడ, సన్నటి గీతలాగ, కంటిమీద జారింది. ఆ కణానికి కావలసింది చుక్క కాదు, గీత! అదీ ఒక వాలులో వుండి, కదిలే గీత. ఆ వాలు మారిస్తే నోరు మూసుకుంటుంది.

బొమ్మను మన మెదడు గీతలు గీతలుగా విడగొట్టి చూస్తుందన్న సంగతి అలా బయటపడింది. 1981లో యిద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. అయితే నేను యిక్కడ చెప్పదలచుకున్నది బహుమతి గురించి కాదు. తరవాత వాళ్ళే పిల్లిపిల్లల మీద యింకొక పరీక్ష చేశారు. పుట్టిన కొద్ది రోజుల్లో ఒక కన్ను కొంతకాలం మూసివుంచి, తరవాత తెరిస్తే, కన్ను బాగానే వున్నా చూపు రాలేదు. ఆ లేతవయసులో మెదడు ఆ కన్నుతో మాట్లాడటం నేర్చుకోలేదు. యికముందు నేర్చుకోదు. యీనాడు పసిపిల్లకు పుట్టుశుక్లం వుంటే వెంటనే ఆపరేషను చెయ్యాలని డాక్టర్లు తొందరపెడతారే, మెల్లకన్ను వున్న పిల్లవాణ్ణి బడికి వెళ్ళకముందే తీసుకురమ్మంటారే, దానికి ఆధారం యిది. మెల్లకన్ను అదృష్టమని మురిసిపోయి కూర్చునే తల్లిదండ్రులు యింకా మన పల్లెల్లో వున్నారు. వారికి యెవరైనా యీ నాలుగు ముక్కలూ చదివి వినిపిస్తే పుణ్యం వుంటుంది.

ఆనాటి గాజుపలకల స్థానంలోకి నేడు అద్దాల పలక వచ్చింది. ఒకటొకటిగా తోసే పని లేదు. వెయ్యి గీతలు వెయ్యి వాలుల్లో నిమిషంలో చూపించవచ్చు. అంతకన్న పెద్ద లాభం మరొకటి వుంది. చూసే ప్రాణి కదిలితే, ఆ కదలికను బట్టి బొమ్మను అప్పటికప్పుడు మార్చవచ్చు.

చేపపిల్ల కథ చెబుతాను. జీబ్రాచేప అని మన దేశపు వాగుల్లోనూ వరిచేల కాలవల్లోనూ తిరిగే చిన్న చేప వుంది. ఒంటిమీద నీలపు చారలు. 1822లో హామిల్టన్ అనే ఆయన దాన్ని మొదట వర్ణించాడు. నేడు ప్రపంచంలో పెద్ద పెద్ద ప్రయోగశాలలన్నిటిలోనూ అది వుంది. మనవాళ్ళు విదేశాలకు వెళ్ళి స్థిరపడటం కంప్యూటర్లతోనే మొదలు కాలేదన్నమాట. బెంగుళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రంలో కూడా దాని మీద పని జరుగుతోంది. వారం రోజుల చేపపిల్ల నాలుగు మిల్లీమీటర్లు వుంటుంది. ఒళ్ళంతా గాజులా పారదర్శకం. లోపల మెదడు పనిచేస్తూ వుంటే మైక్రోస్కోపులో చూడవచ్చు.

దాన్ని గాజుపళ్ళెంలో వేసి, కిందనుంచి నల్లచారలు తెల్లచారలు వేసి, ఆ చారలను ముందుకు జరుపుతారు. చేపపిల్ల చారలవెంట యీదుతుంది. యెందుకని? నాగావళిలోనో వంశధారలోనో చేప యెదురీదుతూ ఒకేచోట నిలబడటం మీరు చూసే వుంటారు. ప్రవాహం దాన్ని వెనక్కి తోసుకుపోతూ వుంటే, కింద వున్న యిసుక, రాళ్ళు ముందుకు పోతున్నట్టు దానికి కనబడతాయి. ఆ జారుడు ఆగేదాకా యీదితే వున్నచోటే వున్నట్టు. పళ్ళెంలో నీరు కదలటం లేదు. కాని చారలు కదులుతున్నాయి గనక, యేరు తనను లాక్కుపోతోందని అది నమ్ముతుంది. యింకా గమ్మత్తు - చేపపిల్లను కదలకుండా జిగురులో నిలిపి, తోక ఒక్కటి వదిలి, తోక ఆడించినంత మేరకు చారలను వెనక్కి జరిపితే, తాను యీదుతున్నాననే అనుకుంటుంది. తోక ఆడించినా చారలు జరగకపోతే, యింకా గట్టిగా ఆడిస్తుంది. తాను వేసిన అంచనాకూ, కంటికి కనబడినదానికీ పొత్తు కుదరనప్పుడు మెదడులో యే మూల కదలిక వచ్చిందో అప్పుడు చూస్తారు. మెట్టు వుందనుకుని అడుగు వేసి, లేకపోతే మన గుండె ఝల్లుమంటుందే, అదే సంగతి. నాలుగు మిల్లీమీటర్ల ప్రాణిలో కూడా ఆ లెక్క వుంది.

యిది యింట్లో చూడాలంటే అద్దాల పలక అక్కర్లేదు. ఒక గుండ్రటి గాజుసీసాలో చెరువులో పట్టిన చిన్న చేపపిల్లను వెయ్యండి. తెల్లకాగితం మీద వేలెడు వెడల్పున నల్లచారలు నిలువుగా గీసి, సీసాచుట్టూ వదులుగా చుట్టి, కాగితాన్ని నెమ్మదిగా తిప్పండి. చాలా చేపలు కాగితంతో పాటు తిరుగుతాయి. చూడటం అయ్యాక చేపను చెరువులో వదిలిపెట్టమని పిల్లలకు చెప్పటం మరిచిపోకండి.

యింతవరకూ ప్రయోగశాల. దీపం వెయ్యటం, ప్రాణి యెటు పోతుందో చూడటం అనే పరీక్ష, మన సముద్రపు వొడ్డున యేటా దానంతట అదే జరుగుతోంది.

పోయిన వేసవిలో నేను బారువ వెళ్ళాను. చలికాలం చివర సముద్రపు తాబేళ్ళు యిసుకలో గుడ్లు పెడతాయి. ఒక్కొక్కటి నూటికి పైగా పెడుతుంది. యేభై రోజుల కాస్త అటూయిటూగా పిల్లలు రాత్రిపూట యిసుక తోసుకుని బయటికి వస్తాయి. కుక్కలు, నక్కలు తినెయ్యకుండా అటవీశాఖవారు గుడ్లు యేరి, కంచెలో పూడ్చి, పిల్లలు వచ్చాక సముద్రంలో వదులుతారు. అక్కడ వలలు బాగుచేసుకుంటున్న ఒక ముసలి జాలరిని అడిగాను.

"తాతా, యీ పిల్లలకు సముద్రం యెటు వుందో యెలా తెలుస్తుంది?"

"ఎలుగు కేసే ఎల్తాయి బాబూ. దానికి అమ్మా నేదు, అయ్యా నేడు. దారి సెప్పీవోడెవుడు? నీటి మీదే కదా రేత్రి ఎలుగుండేది."

"మరి వూళ్ళో దీపాలు వుంటాయి గదా?"

"అదే మరి! మా సిన్నప్పుడు ఊల్లో దీపాలేటి, బుడ్డి దీపాలు. ఇప్పుడు ఈదిదీపాలొచ్చీనాయి. కొన్ని పిల్లలు ఊరు కేసే వచ్చీతాయి బాబూ. తెల్లారీసరికి ఎండకి మాడిపోతాయి."

తాత యే పుస్తకమూ చదవలేదు. కాని పుస్తకాల్లో వున్నది అదే. తాబేటిపిల్ల చీకటిగా, యెత్తుగా వున్న వైపు వదిలి, కిందుగా వెలుగుగా వున్న వైపు పోతుంది. యెత్తుగా నల్లగా వుండేవి సరుగుడు తోటలు, యిసుక దిబ్బలు. కిందుగా వెలిగేది సముద్రం. లక్షల యేళ్ళుగా ఆ లెక్క తప్పలేదు. యీ యేభై అరవై యేళ్ళలోనే తప్పుతోంది. యే వెలుగైనా ఒకటేనా? 1991లో అచ్చయిన పరీక్షల్లో, పిల్లలను రెండు దారుల పెట్టెలో వుంచి రకరకాల రంగుల దీపాలు చూపించారు. నీలం, వూదా వెలుగులకు పరుగెత్తాయి. యెరుపును అంతగా లక్ష్యపెట్టలేదు. తాబేళ్ళు గుడ్లు పెట్టే తీరాల్లో తెల్లటి దీపాలకు బదులు యెర్రటివి, పసుపుపచ్చవి, అవి కూడా నేలచూపు చూసేవి పెట్టమని చెప్పటం అందుకే. జనవరి నుంచి మే దాకా, సముద్రంవైపు కిటికీ వున్నవారు రాత్రి దీపం ఆర్పి పడుకున్నా చాలు. దానికి కరెంటు బిల్లు కూడా తగ్గుతుంది.

యిక అసలు సంగతి. యీ శీర్షిక యీ వారం దీనికే కేటాయించటానికి కారణం ఒక వుత్తరం.

విజయనగరం జిల్లానుంచి ఒక తల్లి రాసింది. పేరు, వూరు వెయ్యను. ఆమె కొడుక్కి పద్నాలుగేళ్ళు. పగలు బాగానే చదువుకుంటాడు. పొద్దువాలితే తడుముకుంటాడు. పక్కనుంచి వచ్చే సైకిలు కనబడదు. కంటి డాక్టరు పరీక్షచేసి, రెటినైటిస్ పిగ్మెంటోజా అన్నారట. వారిది మేనరికం. ఎవరో ఆమెకు చెప్పారు - పారిస్‌లో గుడ్డివాడికి కళ్ళద్దాలతో వెలుగు కొట్టి చూపు తెప్పించారని. "మాకు ఎకరంన్నర పొలం వుందండి. అమ్మమంటారా?" అని అడిగింది.

ఆ పారిస్ కథ నిజమే. 2021 మే నెలలో అచ్చయింది. దాన్ని వున్నది వున్నట్టు చెబుతాను.

యీ జబ్బులో కంటివెనక తెరలో వెలుగు పట్టుకునే కణాలు యేళ్ళతరబడి ఒకటొకటిగా చచ్చిపోతాయి. ముందు చీకట్లో పనిచేసేవి పోతాయి, అదే రేచీకటి. తరవాత పక్కచూపు పోయి, గొట్టంలోంచి చూసినట్టు అవుతుంది. కాని వెలుగు పట్టేవి పోయినా, ఆ కబురును మెదడుకు మోసే కణాలు చాలాకాలం బతికే వుంటాయి. రాసేవాడు పోయాడు గాని తపాలా బంట్రోతు వున్నాడన్నమాట. నీటిపాచిలో వెలుగు తగిలితే స్పందించే ఒక పదార్థం వుంది. ఆ పదార్థాన్ని తయారుచేసే జన్యువును, హాని చెయ్యని వైరస్ మీద యెక్కించి, కంటిలోకి సూదితో పంపారు. బంట్రోతుకే రాయటం నేర్పారు. అయితే వాడికి మామూలు వెలుగు చాలదు. బాగా జోరైన, ఒకే రంగు వెలుగు కావాలి. అంచేత ఒక కళ్ళద్దాల యంత్రం కట్టారు. దానిలో కెమెరా వుంటుంది. కెమెరాకు కనబడ్డ మార్పులను లెక్కగట్టి, మన హార్న్‌బెక్ గారి అద్దాల పలక మీదనుంచి నారింజరంగు వెలుగుగా, కంటివెనక తెరమీదికి వేస్తారు. యీగలకూ చేపలకూ పట్టిన దీపమే చివరికి మనిషి కంటిలోకి వచ్చింది.

ఆ మనిషికి 58 యేళ్ళు. నలభై యేళ్ళ కిందట జబ్బు బయటపడింది. ఒక కంటికే సూది వేశారు. నెలల తరబడి అభ్యాసం చేయించారు. చివరికి, ఆ యంత్రం పెట్టుకున్నప్పుడు మాత్రం, బల్లమీద పుస్తకం వుంటే యెక్కడుందో చెప్పి ముట్టుకున్నాడు. గ్లాసులు యెన్ని వున్నాయో లెక్కపెట్టాడు. వీధిలో రోడ్డు దాటేచోట తెల్లచారలు కనబడ్డాయన్నాడు. యంత్రం తీస్తే యివేవీ లేవు. మనిషి మొహం గుర్తుపట్టలేదు, అక్షరం చదవలేదు. అచ్చయిన ఆ ఫలితం ఒక్క మనిషిది. శాస్త్రానికి అది చాలా పెద్ద అడుగు. ఒక కుటుంబం పొలం అమ్ముకోవటానికి ఆధారం కాదు.

అంచేత, అమ్మా, పొలం అమ్మవద్దు.

మొదటి సంగతి. మీ అబ్బాయికి యిప్పుడు పగటిచూపు వుంది. పారిస్‌లో చేసినది ఆ చూపు పోయినవారికోసం. అది అతనికి యీవేళ పనికివచ్చే వైద్యం కాదు.

రెండోది. రేచీకటి అయినంతమాత్రాన అన్నీ యీ జబ్బే కావు. విటమిన్ ఏ చాలకపోయినా రేచీకటి వస్తుంది, అది మందుతోనూ తిండితోనూ పోతుంది. మీ అబ్బాయికి డాక్టరు చూసి చెప్పారు గనక, పెద్ద ఆస్పత్రిలో యింకొకసారి చూపించి రూఢి చేసుకోండి. విశాఖపట్నంలో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి 2006 నుంచి వుంది. డబ్బు లేనివారికి ఉచితంగా చూస్తారు. సినిమాల ప్రసాద్ గారి పేరే అది. 1931లో మొదటి టాకీల్లో వేషాలు వేసి, "మిస్సమ్మ" వంటి చిత్రాలు తీసి, తెరమీద వెలుగుతో గడించినదాంట్లోంచి కంటి ఆస్పత్రికి స్థలమూ ధనమూ యిచ్చారు. హైదరాబాదులో అది తెరిచింది 1987లో, అవతల హార్న్‌బెక్ అద్దాల పలక చేసిన యేడే. జబ్బుకు యే జన్యువు కారణమో పరీక్ష చేయించుకోవటం మంచిది. ఈ జబ్బుల్లో ఒక్క రకానికి, ఆర్.పి.ఇ. 65 అనే జన్యువు చెడినదానికి మాత్రం, 2017లో అమెరికాలో మందు అనుమతి పొందింది. దాని ధర అక్కడ ఎనిమిదిన్నర లక్షల డాలర్లు. ధర విని బెంగపెట్టుకోకండి. యే రకమో తెలిసి వుంటే, రేపు మన దేశంలో పరీక్షలు మొదలైనప్పుడు మీ అబ్బాయి పేరు వుంటుంది.

మూడోది, దీన్ని గీత గీసి వుంచుకోండి. నిజమైన వైద్యపరిశోధనలో చేరినందుకు రోగి దగ్గర డబ్బు పుచ్చుకోరు. లక్షలు కట్టండి, చూపు తెప్పిస్తామని యెవరైనా అన్నారంటే, అది సూది అయినా, కషాయమైనా, మూలకణాలు అనే పెద్దమాట అయినా, దూరంగా వుండండి.

నాలుగోది. మేనరికం వల్ల యిలాంటి జబ్బులు వచ్చే అవకాశం పెరుగుతుంది. అయినంతమాత్రాన అది మీ తప్పు కాదు. మీ పెళ్ళి మీరు కుదుర్చుకోలేదు. అత్తవారింట్లో యెవరైనా దెప్పితే యీ పేజీ చూపించండి. మిగతా పిల్లల కళ్ళు కూడా పరీక్ష చేయించండి. వాళ్ళ పెళ్ళిళ్ళప్పుడు మేనరికం మాట వస్తే, ఒకసారి ఆగి ఆలోచించండి.

అయిదోది చదువు. వైకల్య ధ్రువపత్రం తీసుకోండి. 2016 చట్టం ప్రకారం వికలాంగులందరికీ కలిపి పై చదువుల్లో నూటికి అయిదు సీట్లు, సర్కారు కొలువుల్లో నూటికి నాలుగు వున్నాయి. కంప్యూటరు, సెల్‌ఫోను పుస్తకం చదివి వినిపించే రోజులు. యిప్పుడు చూపు వుండగానే అవి నేర్పండి. చేతికర్ర పట్టటం కూడా నేర్పండి, సిగ్గు లేదు. మీ విజయనగరంలోనే ద్వారం వెంకటస్వామి నాయుడుగారు చిన్నప్పటినుంచీ సరిగా ఆనని కళ్ళతోనే ఫిడేలు పట్టి, సంగీత కళాశాలకు 1936లో ప్రిన్సిపాలు అయ్యారు. అందరూ నాయుడుగారు కాలేరు, నిజమే. కాని చూపు తగ్గినవాడికి పని తగ్గనక్కర్లేదని చెప్పటానికి ఆయన చాలు.

చివరగా ఒక్క మాట. యీగను, చేపను, యెవరూ "నీకు యేం కనబడటం లేదు?" అని అడగరు. యేం కనబడుతోందో, దానికి అది యేం చేస్తోందో ఓపికగా చూస్తారు. యింట్లో మాత్రం మనం పిల్లవాణ్ణి రోజూ "యిది కనబడిందా? అది కనబడలేదా?" అని పరీక్షపెట్టి, వాడి మొహం చిన్నబుచ్చుతాం. ఆ ప్రశ్న తిప్పి అడగండి. సాయంత్రం వీధి అరుగుమీద పక్కన కూచోబెట్టుకుని, "యేం కనబడుతోందిరా?" అనండి. వాడు చెప్పింది వినండి. యెంత వెలుగులో పుస్తకం చదవగలడో, యే గదిలో దీపం యెక్కడ పెడితే వాడికి దారి తెలుస్తుందో, మెట్ల అంచుకు యే రంగు పూస్తే ఆనుతుందో వాడే చెబుతాడు. ఆ దీపం యెక్కడ పెట్టాలో ఏ ప్రయోగశాలా మీకు చెప్పలేదు. ఆ ఖర్చు ఒక సున్నపు డబ్బా, ఒక బల్బు. పొలం అక్కర్లేదు.